మైగ్రేన్‌కి ఏ మాత్ర? డోలో, న్యాప్రాక్సెన్, ట్రిప్టాన్, వాసోగ్రెయిన్‌ల పోలిక

తలనొప్పికి మాత్ర అడిగితే మెడికల్ షాపుల్లో ఎవరి అలవాటు వాళ్లది. ఒకచోట డోలో ఇస్తారు, ఇంకోచోట సారిడాన్. "మైగ్రేనండీ, నరాలు చిట్లిపోతున్నాయి" అని చెబితే వాసోగ్రెయిన్ స్ట్రిప్ చేతిలో పెడతారు. ఇవన్నీ ఒకే పని చేసే మందులు కావు. ఒకదానికంటే ఒకటి 'పవర్' ఎక్కువ అని మనం అనుకునే వరుస కూడా నిజం కాదు.

ఎవరికి ఏది సరిపోతుందో తేల్చేవి మూడు సంగతులు. నొప్పి ఎంత త్వరగా ముదురుతుంది, వాంతులు ఉంటాయా అన్నది ఒకటి. బీపీ, గుండె, కడుపు, ఆస్తమా లాంటి ఇబ్బందులు ముందే ఉన్నాయా అన్నది రెండోది. నెలలో ఎన్ని రోజులు మాత్ర మింగుతున్నారన్నది మూడోది. ఈ మూడోది కౌంటర్ దగ్గర ఎవరూ అడగరు. నా లెక్కలో అన్నిటికంటే ముందు అడగాల్సింది అదే.

అసలు అది మైగ్రేనేనా

మన ఇళ్లలో మైగ్రేన్‌కి చాలా మారుపేర్లున్నాయి. వాంతి అయ్యాక నొప్పి తగ్గితే పైత్యం అంటారు. నుదురు, కళ్ల చుట్టూ లాగితే సైనస్ అంటారు. చదువుకునే పిల్లలకి వస్తే సైట్ అంటారు. ఏళ్ల తరబడి గ్యాస్ మాత్రలు, సైనస్ మాత్రలు వాడినవాళ్లలో చాలామందికి ఉన్నది మైగ్రేనే.

ఇంట్లో కూర్చుని వేసుకోదగ్గ ప్రశ్నలు మూడు. తలనొప్పితో కడుపులో తిప్పుతుందా? మామూలప్పుడు ఏమీ అనిపించని వెలుతురు అప్పుడు భరించలేకపోతారా? గత మూడు నెలల్లో దానివల్ల కనీసం ఒక రోజైనా పని మానుకోవాల్సి వచ్చిందా? మూడింటిలో రెండిటికి అవునంటే మైగ్రేన్ అయ్యే అవకాశం బాగా ఎక్కువ. మందు వేయకపోతే ఇది 4 గంటల నుంచి 72 గంటల దాకా ఉంటుంది. ఒకవైపే రావాలని లేదు, రెండు కణతలూ పోటెత్తవచ్చు. నిర్ధారణ మాత్రం ఒక్కసారైనా డాక్టరు దగ్గర చేయించుకోవాలి. కింద రాసినదంతా ఆ పని అయిపోయిన పెద్దవాళ్ల కోసం.

మామూలు నొప్పి మాత్రల్లో ఏది మేలు

ముందు కొన్ని అంకెలు చూద్దాం. మందు లేని ఉత్తుత్తి మాత్రతో పోల్చి చూసిన పరీక్షలన్నిటినీ కలిపి లెక్కగట్టినప్పుడు, రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయినవాళ్లు ఐబుప్రొఫెన్ 400 ఎంజీతో నూటికి 26 మంది. ఆస్పిరిన్ 900 లేదా 1000 ఎంజీతో 24, పారాసెటమాల్ 1000 ఎంజీతో 19, న్యాప్రాక్సెన్‌తో 17. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో కూడా 8 నుంచి 12 మందికి పోయింది. పూర్తిగా పోకపోయినా నొప్పి ఓర్చుకునే స్థాయికి దిగినవాళ్లు ప్రతి మందుతోనూ ఇంతకంటే చాలా ఎక్కువ. ఏ మాత్రా అందరికీ పనిచేయదని ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది. మీ చెల్లెలికి పనిచేసింది మీకు చేయకపోతే అందులో వింత లేదు.

పారాసెటమాల్ దగ్గర చాలామంది డోసులోనే దెబ్బతింటారు. పరీక్షల్లో పనిచేసింది 1000 ఎంజీ. మనం వేసుకునేది ఒక డోలో 650. జ్వరానికి అది చాలు, మైగ్రేన్‌కి చాలామందికి చాలదు. 50 కిలోలు దాటిన, కాలేయం బాగున్న పెద్దవాళ్లు ఒకేసారి 500 ఎంజీవి రెండు వేసుకోవచ్చు. రోజు మొత్తంలో 4 గ్రాములు దాటకూడదు, జలుబు మాత్రల్లో ఉండే పారాసెటమాల్‌ని కూడా ఈ లెక్కలోనే కలపాలి. రోజూ మద్యం తాగేవాళ్లకి ఈ హద్దు ఇంకా తక్కువ. కడుపుకి, కిడ్నీకి, ఆస్తమాకి ఇబ్బంది లేకపోవడం పారాసెటమాల్‌కున్న పెద్ద సుగుణం. దానికి బదులుగా బలం కాస్త తక్కువ.

ఐబుప్రొఫెన్, న్యాప్రాక్సెన్ రెండూ ఒకే కుటుంబం. ఐబుప్రొఫెన్ త్వరగా అందుకుంటుంది, త్వరగానే దిగిపోతుంది. న్యాప్రాక్సెన్ నెమ్మదిగా మొదలై రోజులో ఎక్కువ భాగం ఒంట్లో ఉంటుంది. రెండు గంటల లెక్కలో న్యాప్రాక్సెన్ వెనకబడినట్టు కనిపించినా, పొద్దున తగ్గిన నొప్పి సాయంత్రానికి మళ్లీ తిరగబెట్టేవాళ్లకి నేను దానివైపే మొగ్గుతాను. డాక్టర్లు ఎక్కువగా రాసే నాక్స్‌డామ్‌లో ఉండేది న్యాప్రాక్సెనే, దానికి వాంతుల మందు డోంపెరిడోన్ కలిపి ఉంటుంది. 250, 500 అని రెండు రకాలున్నాయి, ఆ అంకె న్యాప్రాక్సెన్‌ది. 250 వేసుకుని తగ్గలేదని వేరే మందుకి మారిపోయేవాళ్లు ముందు 500 గురించి డాక్టరుని అడగడం మంచిది.

ఈ కుటుంబం ఎవరికి పడదంటే, కడుపులో అల్సర్ ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి, గుండె జబ్బు ఉన్నవాళ్లకి, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి, నొప్పి మాత్ర వేసుకుంటే ఆయాసం వచ్చే ఆస్తమావాళ్లకి. బీపీ అదుపులో లేనివాళ్లు కూడా దూరంగా ఉండాలి. ఇంకొకటి, వానాకాలంలో తలనొప్పితో పాటు జ్వరం ఉంటే డెంగీ కాదని తేలేదాకా ఐబుప్రొఫెన్, న్యాప్రాక్సెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ ఏదీ ముట్టుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం పెరుగుతుంది. డెంగీ తలనొప్పి కూడా కళ్ల వెనక పోటుతోనే వస్తుంది కాబట్టి మైగ్రేన్ అనుకుని పొరపడటం చాలా తేలిక. అప్పటికి పారాసెటమాల్ ఒక్కటే దారి.

ఆస్పిరిన్ పాతదని తేలిగ్గా తీసేయనక్కర్లేదు. నీళ్లలో కరిగించి తాగితే బాగానే పనిచేస్తుంది. కాకపోతే పరీక్షల్లో వాడిన డోసుకి మన డిస్ప్రిన్‌లు దాదాపు మూడు కావాలి, అంత కడుపులో పడితే మంట చాలామందికి పడదు. 16 ఏళ్లలోపు పిల్లలకి ఇవ్వనే కూడదు. పిల్లల మైగ్రేన్‌కి సాధారణంగా ఐబుప్రొఫెన్‌గానీ పారాసెటమాల్‌గానీ బరువు చూసి ఇస్తారు. నొప్పికీ జ్వరానికీ వాడే నిమెసులైడ్‌ని 12 ఏళ్లలోపు పిల్లలకి వాడకూడదని మన దేశంలో 2011లోనే నిషేధించారు, ఇంట్లో పాత సిరప్ సీసా ఏదైనా ఉంటే ఒకసారి దాని పేరు చూసుకోండి.

బామ్ సంగతి కూడా చెప్పాలి. అమృతాంజనం 1893లో బొంబాయిలో మొదలైంది, మొదలుపెట్టింది మన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆ డబ్బుతోనే తర్వాత ఆంధ్రపత్రిక నడిచింది. తెలుగువాళ్లకి దాని మీద అభిమానం ఉండటం సహజం. నుదుటికి చల్లగా ఉంటుంది, హాయినిస్తుంది, మాత్రతో పాటు రాసుకుంటే తప్పు లేదు. మాత్రకి బదులుగా రాసుకుని రెండు గంటలు ఎదురుచూస్తేనే నష్టం.

వేళ తప్పితే ఏ మాత్రైనా దండగ

మైగ్రేన్ మొదలైతే కడుపు పనిచేయడం నెమ్మదిస్తుంది. మింగిన మాత్ర పేగుల్లోకి దిగకుండా కడుపులోనే కూర్చుంటుంది. నొప్పి ముదిరాక వేసుకున్నది పనిచేయకపోవడానికి పెద్ద కారణం ఇదే. "చూద్దాం, తగ్గుతుందేమో" అని మధ్యాహ్నం దాకా ఓపిక పట్టి, భోజనం చేశాక మాత్ర వేసుకుందామనుకుని, అన్నం ముందు కూర్చుంటే వాసనకే వాంతి వచ్చి, చివరికి మాత్ర కూడా నిలవక పడుకునే ఆడవాళ్లు ప్రతి ఇంట్లో ఉంటారు. నొప్పి ఇంకా చిన్నగా ఉన్నప్పుడే, మొదటి గంటలోపే, పూర్తి డోసు వేసుకోవాలి. దానికోసం భోజనం అక్కర్లేదు, రెండు బిస్కట్లో నాలుగు ముద్దల మజ్జిగన్నమో చాలు.

కడుపులో తిప్పేవాళ్లకి డోంపెరిడోన్ 10 ఎంజీ కలిపితే వాంతి ఆగడమే కాదు, మాత్ర కిందికి దిగడానికి కూడా సాయపడుతుంది. గుండె లయలో తేడా ఉన్నవాళ్లు, అరవై దాటినవాళ్లు డాక్టరుని అడగకుండా వాడకూడదు. మెటోక్లోప్రమైడ్ కూడా ఇదే పని చేస్తుంది. కుర్రవాళ్లలో మాత్రం అరుదుగా మెడ, దవడ బిగుసుకుపోయేలా చేస్తుంది.

ట్రిప్టాన్లు: మైగ్రేన్ కోసమే తయారైన మందులు

పైవన్నీ ఒళ్లునొప్పులకీ, పంటినొప్పికీ కూడా వాడేవి. ట్రిప్టాన్లు అలా కాదు. సెరొటోనిన్ అనే రసాయనాన్ని అందుకునే గ్రాహకాల మీద పనిచేసి, మైగ్రేన్‌లో ఉబ్బిన రక్తనాళాలను కుదించి, నొప్పిని రాజేసే రసాయనాలు విడుదల కాకుండా ఆపుతాయి. 1990ల మొదట్లో వచ్చిన సుమట్రిప్టాన్ వీటిలో పెద్దన్న. మన దగ్గర ఎక్కువగా రాసేవి అదీ, రిజట్రిప్టానూ.

సుమట్రిప్టాన్ 50 ఎంజీ మాత్రతో రెండు గంటల్లో నొప్పి పూర్తిగా పోయినవాళ్లు నూటికి 28, 100 ఎంజీతో 32. ఐబుప్రొఫెన్ 26తో పోల్చి చూస్తే మాత్ర రూపంలో తేడా మనం ఊహించినంత పెద్దది కాదు. అందుకే మామూలు నొప్పి మాత్ర సరైన డోసులో, సరైన వేళకి వేసుకోకుండానే ట్రిప్టాన్ కోసం పరిగెత్తడం నాకు నచ్చదు. అదే సుమట్రిప్టాన్‌ని 6 ఎంజీ ఇంజెక్షన్‌గా చర్మం కింద ఇస్తే ఆ అంకె 59. నిద్రలేచేసరికే నొప్పి తలకెక్కి ఉండేవాళ్లకి, నీళ్లు కూడా నిలవనివాళ్లకి మాత్ర పేరు మార్చడం కంటే మందు లోపలికి వెళ్లే దారి మార్చడం ఎక్కువ లాభం. ముక్కులో కొట్టే స్ప్రే వేగంలో ఈ రెంటికీ మధ్యలో ఉంటుంది. రిజట్రిప్టాన్ నాలుక మీద కరిగే మాత్రగా దొరుకుతుంది, నీళ్లు అక్కర్లేదు కాబట్టి బస్సులో, ఆఫీసులో సౌకర్యం. అయితే అది కూడా చివరికి కడుపులోంచే ఒంటికి పడుతుంది, నోట్లో కరిగింది కదాని సూదిలా పనిచేస్తుందనుకోవద్దు.

వాడే పద్ధతిలో కొన్ని తేడాలున్నాయి. కళ్ల ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించే దశలో కాకుండా నొప్పి మొదలవగానే వేసుకోవాలి. తగ్గి మళ్లీ వస్తే రెండు గంటలు గడిచాక ఇంకొకటి వేసుకోవచ్చు. మొదటిది అసలు పనిచేయకపోతే అదే నొప్పికి రెండోది వేయడం దండగ. ఒక్కసారి ఫెయిలైందని ఆ మందుని వదిలేయకూడదు, రెండు మూడు నొప్పులకి చూడాలి. సుమట్రిప్టాన్ పనిచేయనివాళ్లకి రిజట్రిప్టాన్ పనిచేయడం మామూలే. సుమట్రిప్టాన్, న్యాప్రాక్సెన్ కలిపి వేసుకుంటే విడివిడిగా వేసుకున్నదానికంటే ఫలితం మెరుగు, రెండూ కలిసిన మాత్రలు కూడా ఉన్నాయి.

గుండెపోటు, స్టెంట్, పక్షవాతం చరిత్ర ఉన్నవాళ్లకి, బీపీ అదుపులో లేనివాళ్లకి ట్రిప్టాన్లు ఇవ్వరు. మైగ్రేన్‌తో పాటు ఒక చెయ్యి, ఒక కాలు పడిపోయే రకం ఉన్నవాళ్లకీ ఇవ్వరు. షుగరు, పొగతాగడం, కుటుంబంలో చిన్న వయసు గుండెపోట్లు ఉంటే ముందే చెప్పండి. వేసుకున్నాక మెడ, ఛాతీ కాసేపు బిగువుగా, బరువుగా అనిపించడం చాలామందిలో జరుగుతుంది, ఎక్కువసార్లు అది గుండెకి సంబంధించింది కాదు. అయినా మొదటిసారి వస్తే డాక్టరుకి చెప్పాకే రెండో మాత్ర జోలికి వెళ్లాలి. మైగ్రేన్ రాకుండా ప్రొప్రనొలోల్ వాడుతున్నవాళ్లలో రిజట్రిప్టాన్ మోతాదు రక్తంలో పెరుగుతుంది. వాళ్లకి 10 ఎంజీ కాదు, 5 ఎంజీ రాయాలి. ఇద్దరు వేర్వేరు డాక్టర్లు రాసినప్పుడు ఇది జారిపోతుంది. చీటీలు రెండూ చూపించండి.

వాసోగ్రెయిన్ ఎందుకు చివరికి

ఈ ఒక్క మాత్రలో ఎర్గోటమిన్ 1 ఎంజీ, కెఫీన్ 100 ఎంజీ, పారాసెటమాల్ 250 ఎంజీ, వాంతులకి ప్రోక్లోర్‌పెరజైన్ 2.5 ఎంజీ ఉంటాయి. నాలుగు మందులు ఒకే రేపర్‌లో ఉండేసరికి బలమైనదనిపిస్తుంది. పారాసెటమాల్ చూడండి, ఒక డోలోలో సగం కూడా లేదు. పనిచేసేది ప్రధానంగా ఎర్గోటమిన్. అది నోటి ద్వారా సరిగ్గా ఒంటికి పట్టదు, ఒకరికి పట్టినట్టు ఇంకొకరికి పట్టదు. పైగా దానికదే వికారం పుట్టిస్తుంది. 1991లో వెలువడిన ఒక పెద్ద పరీక్షలో సుమట్రిప్టాన్ 100 ఎంజీతో రెండు గంటల్లో ఉపశమనం పొందినవాళ్లు నూటికి 66 మంది, ఎర్గోటమిన్, కెఫీన్ కలిపి ఇచ్చినవాళ్లలో 48. నొప్పి తిరగబెట్టడం మాత్రం ఎర్గోటమిన్ వాడినవాళ్లలో తక్కువ, అది ఒప్పుకోవాలి.

నా అభ్యంతరం బలం గురించి కాదు. ఎర్గోటమిన్ ఒళ్లంతా రక్తనాళాలను బిగిస్తుంది. క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్‌తో కలిస్తే వేళ్లకి, కాళ్లకి రక్తం అందక ప్రాణం మీదికి తెస్తుంది. గొంతునొప్పికి యాంటీబయాటిక్, తలనొప్పికి వాసోగ్రెయిన్ ఒకే షాపులో ఒకే రోజు చీటీ లేకుండా తెచ్చుకునే చోట ఇది చిన్న సంగతి కాదు. ట్రిప్టాన్ వేసుకున్న 24 గంటల్లోపు దీన్ని గానీ, దీని తర్వాత 24 గంటల్లోపు ట్రిప్టాన్‌ని గానీ వేసుకోకూడదు. గర్భిణులు అసలు వాడకూడదు. ఇప్పటికే దీనితో నెలకో రెండు నెలలకో ఒకసారి హాయిగా నెట్టుకొస్తున్న, గుండె బాగున్నవాళ్లని భయపెట్టి మాన్పించాలని కాదు. కొత్తగా ఎంచుకునేవాళ్లకి మాత్రం ఇది మొదటి మందు కాదు, రెండోది కూడా కాదు. ట్రామడాల్ లాంటి నల్లమందు తరహా నొప్పి మందులైతే మైగ్రేన్‌కి ఎంచుకోదగ్గ మందుల్లో లేనే లేవు.

క్యాలెండర్ మీద గీతలు

మామూలు నొప్పి మాత్ర నెలకి 15 రోజులు, ట్రిప్టాన్, ఎర్గోటమిన్, సారిడాన్ లాంటి కలగలుపు మాత్రలైతే నెలకి 10 రోజులు, మూడు నెలలకి మించి వాడితే ఆ మందే తలనొప్పిని తెచ్చిపెడుతుంది. పొద్దున లేస్తూనే తల బరువు, మాత్ర వేస్తే తగ్గడం, దిగగానే మళ్లీ రావడం దీని తీరు. మైగ్రేన్ ముదిరిందనుకుని మనిషి ఇంకో మాత్ర వేస్తాడు. ఎన్ని మాత్రలన్నది కాదు, ఎన్ని రోజులన్నది లెక్క. ఒకే రోజు రెండు వేసుకుంటే అది ఒక రోజే. ఇంటి క్యాలెండర్‌లో మాత్ర వేసుకున్న తేదీ మీద ఒక గీత పెట్టండి, వారానికి రెండు దాటుతుంటే జాగ్రత్తపడాలి. అప్పటికే ఈ ఊబిలో ఉన్నవాళ్లు మందు ఆపితే మొదటి వారం పది రోజులు నొప్పి ఎక్కువవుతుంది, ఆ తర్వాత తెరిపి వస్తుంది. డాక్టరు చెప్పినట్టు ఆపడమే క్షేమం.

రోజూ వాడే మందు ఎప్పుడు, ఏది

నెలకి నాలుగు రోజులు, అంతకంటే ఎక్కువ పోతుంటే నొప్పి రాకుండా ఆపే మందు గురించి అడగాల్సిందే. ఇక్కడ ఎంపిక మైగ్రేన్‌ని బట్టి కాకుండా మనిషిని బట్టి జరుగుతుంది. బీపీ, గుండెదడ, టెన్షన్ ఉన్నవాళ్లకి ప్రొప్రనొలోల్ బాగా కుదురుతుంది, ఆస్తమా ఉంటే పనికిరాదు. నిద్ర పట్టనివాళ్లకి, మెడనొప్పి కూడా ఉన్నవాళ్లకి రాత్రిపూట తక్కువ డోసు అమిట్రిప్టిలిన్ మేలు. నోరెండడం, పొద్దున మత్తు, కాస్త బరువు పెరగడం ఉంటాయి. బరువు పెరుగుతామని భయపడేవాళ్లకి టోపిరమేట్, అది బరువు తగ్గిస్తుంది. వేళ్లు తిమ్మిరెక్కడం, మాట్లాడుతుంటే మాట తట్టకపోవడం దానితో వచ్చే ఇబ్బందులు. టీచర్లకి, పోటీ పరీక్షలకి చదివేవాళ్లకి ఇది చిరాకు తెప్పిస్తుంది. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు వద్దనాలి. ఫ్లూనారిజైన్ మన దగ్గర చాలా ఎక్కువగా రాస్తారు, పనిచేస్తుంది కూడా. బరువు, నిద్రమత్తు పెంచుతుంది, దిగులు స్వభావం ఉన్నవాళ్లలో డిప్రెషన్ తేవచ్చు, పెద్ద వయసువాళ్లలో చేతులు వణకడం మొదలవవచ్చు. ఒకసారి రాసిన చీటీతో ఏళ్లకేళ్లు వాడకూడని మందు ఇది. పిల్లలు కావాలనుకునే వయసు ఆడవాళ్లకి టోపిరమేట్, ఇలాగే మైగ్రేన్ రాకుండా రాసే వాల్‌ప్రొయేట్ రెండూ బిడ్డకి ప్రమాదకరం.

ఏదైనా సరే తక్కువ డోసుతో మొదలుపెట్టి రెండు మూడు నెలలు చూడాలి. నొప్పి రోజులు సగానికి తగ్గితే మందు గెలిచినట్టే, సున్నా కావాలని చూస్తే నిరాశే. పది రోజులు వాడి "తగ్గలేదు" అని మానేసిన మందుని పనిచేయని మందుల జాబితాలో వేయకండి. ఇవేవీ కుదరక నెలలో సగం రోజులు నొప్పే ఉన్నవాళ్లకి మూడు నెలలకోసారి తల, మెడ మీద 31 చోట్ల ఇచ్చే బోటాక్స్ ఇంజెక్షన్లు ఉన్నాయి. 2018 నుంచి సీజీఆర్‌పీ అనే నొప్పి రసాయనాన్ని అడ్డుకునే ఇంజెక్షన్లూ వచ్చాయి. రక్తనాళాలను బిగించని రిమెజిపాంట్ మాత్ర కూడా మన దేశంలోకి వచ్చింది, గుండె జబ్బువల్ల ట్రిప్టాన్ వాడలేనివాళ్లు దాని గురించి అడగవచ్చు. వీటి ఖర్చు మామూలు కుటుంబానికి ఇప్పటికీ భారమే.

ఆడవాళ్లకి విడిగా

నెలసరికి ముందు కచ్చితంగా వచ్చే మైగ్రేన్ అయితే, ఆ తేదీకి ఒకటి రెండు రోజుల ముందు నుంచి అయిదారు రోజులు న్యాప్రాక్సెన్ వాడే పద్ధతి ఉంది, తేదీలు సక్రమంగా వచ్చేవాళ్లకే ఇది కుదురుతుంది. గర్భంలో మొదటి మందు పారాసెటమాల్. ఐబుప్రొఫెన్ జాతి మాత్రలు 20 వారాలు దాటాక వద్దు. కళ్ల ముందు మెరుపులతో మైగ్రేన్ వచ్చేవాళ్లు ఈస్ట్రోజన్ ఉన్న గర్భనిరోధక మాత్రలు వాడితే పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. పీసీఓడీకి రాసే మాత్రల్లో చాలావాటిలో ఈస్ట్రోజన్ ఉంటుంది. తలనొప్పి సంగతి గైనకాలజిస్టుకి చెప్పడం ఎవరికీ తట్టదు, చెప్పాలి.

మాత్రల మధ్య ఎంచుకుంటూ కూర్చోకూడని తలనొప్పులు

సెకన్లలో పిడుగులా విరుచుకుపడిన నొప్పి, జ్వరంతో మెడ బిగుసుకుపోవడం, మాట తడబడటం, మూతి వంకర పోవడం, చెయ్యి పట్టు తప్పడం, తలకి దెబ్బ తగిలాక మొదలైన నొప్పి, యాభై దాటాక జీవితంలో మొదటిసారి వచ్చిన కొత్త రకం నొప్పి, గర్భంలోగానీ కాన్పయ్యాకగానీ బీపీతో వచ్చిన నొప్పి. వీటిలో ఏది కనిపించినా ఇంట్లో ఉన్న మాత్ర వెతకకుండా 108కి ఫోన్ చేసి, రాత్రి అయినా సరే ఆసుపత్రికి వెళ్లాలి.